దుర్గాశ్రీ కొలతకు చేసిన సీటు

రాజమహేంద్రవరంలో మోరంపూడి జంక్షన్ దాటాక, సర్వీసు రోడ్డు పక్కన ఏసురాజు షాపు ఉంది. కార్లకు సీటు కవర్లు కుట్టడం, అణిగిపోయిన కుషన్లలో ఫోమ్ మార్చడం, లారీ డ్రైవర్లకు నడుం నొప్పి రాకుండా వెనక మెత్త కట్టివ్వడం ఆయన పని. ముప్ఫై ఏళ్ళుగా అదే పని. భార్య రూబీ షాపు ముందు భాగంలో మిషను దగ్గర కూర్చుని కుడుతుంది. రెక్సిన్ మీద ఆమె కుట్టు స్కేలు పెట్టి గీసినట్టు ఉంటుందని కార్లవాళ్ళలో పేరు. ఆదివారం మాత్రం షాపు తెరవరు. లూథరన్ చర్చిలో ఏసురాజు సంఘ పెద్ద.

ఒక జూన్ నెల ఉదయం ఆ షాపు ముందు బూడిద రంగు స్పోర్ట్స్ కారు వచ్చి ఆగింది. రెండే తలుపులు. నేలకు ఆనుకున్నట్టుంది. ఇలాంటి కార్లు తెచ్చేవాళ్ళు తలుపు తెరిచిన మరుక్షణం బయట ఉంటారు. ఈ కారు డ్రైవరు తలుపు తెరుచుకుంది గాని ఎవరూ దిగలేదు.

రూబీ మిషను ఆపి చూసింది. లోపల ముప్ఫై దాటిన అమ్మాయి. తన కాలును తన రెండు చేతులతో ఎత్తి బయట పెట్టింది. తర్వాత రెండో కాలు. ఈలోగా అటువైపు నుంచి తెల్ల చొక్కా, పంచె కట్టుకున్న పెద్దాయన దిగి చుట్టూ తిరిగి వచ్చాడు. ఆమె చంకల కింద చేతులు వేశాడు.

"ఒకటి, రెండు, మూడు" అందామె. ఇద్దరూ కలిసి లేచారు.

ఆమె మెల్లగా, నడుం అటూ ఇటూ ఊగుతుండగా నడిచి వచ్చింది. రూబీ కుర్చీ లాగింది.

"కుర్చీ వద్దండి. కూర్చుంటే మళ్ళీ లేవలేను. ఎత్తుగా ఉన్నదేదైనా ఉంటే చెప్పండి."

గుడ్డ కత్తిరించే బల్ల చూపించింది రూబీ. ఆమె దాని అంచుకు ఆనుకుని నిలబడి ఊపిరి తీసుకుంది.

"నా పేరు దుర్గాశ్రీ అండి. మాది మండపేట. ఈయన మా నాన్నగారు, చంద్రరావు గారు. నా కారుకి రేసింగ్ సీట్లు బిగించాలి. సీట్లు కోయంబత్తూరు నుంచి తెప్పించాను, ఇంట్లో ఉన్నాయి. ఇక్కడ ఇద్దరిని అడిగితే ఒకాయన నవ్వేడు. ఇంకొకాయన మా నాన్నగారి వైపు చూసి, అమ్మాయికి నచ్చచెప్పండి అన్నాడు."

ఏసురాజు నవ్వలేదు. "రేసులకి వెళ్తారా మేడం?"

"ఒకప్పుడు వెళ్ళేదాన్ని. రెండుసార్లు. ఇప్పుడు కాకినాడ వెళ్తున్నాను, ఆఫీసుకి."

కాకినాడలో గ్యాస్ కంపెనీలో ఆమె ఇన్‌స్ట్రుమెంట్ ఇంజనీరు. ఈ కారు ఇరవై ఆరో ఏట సొంత జీతంతో కొనుక్కుంది, బెంగళూరులో ఒకాయన వాడి అమ్మేసింది. కొన్న రెండేళ్ళకు మెట్లెక్కుతుంటే తొడలు సహకరించడం మానేశాయి. హైదరాబాదు తీసుకెళ్ళి పరీక్షలు చేయిస్తే, కండరాలు మెల్లమెల్లగా కరిగిపోయే జబ్బని తేలింది. మందు లేదన్నారు. ముందు తొడలు, తర్వాత నడుము, తర్వాత భుజాలు. ఇదంతా ఆమె ఆఫీసులో రిపోర్టు చదివినట్టు చెప్పింది.

"వంపు వచ్చినప్పుడల్లా నా ఒళ్ళు పక్కకి పడిపోతోందండి. స్టీరింగ్ పట్టుకుని నన్ను నేను ఆపుకుంటున్నాను. స్టీరింగ్ ఉంది తిప్పడానికి కదా, పట్టుకుని వేలాడ్డానికి కాదు. రేసు సీటు అయితే రెండు పక్కలా పట్టి ఉంచుతుంది."

"డాక్టరు గారు నడపొచ్చన్నారా?"

"ప్రస్తుతానికి అన్నారు. ఆటోమేటిక్ గేరే కదా. ఆర్నెల్లకోసారి చూస్తామన్నారు."

"ఎత్తు కార్లు బోలెడున్నాయి" అన్నాడు చంద్రరావు, ఎవరి వైపూ చూడకుండా. "ఎక్కడం దిగడం తేలిక. నా మాట వినదండి."

"ఎత్తు కారు కొన్నా వంపులో పడిపోతాను నాన్నా. ఇదైతే నాకు తెలిసిన కారు."

ఏసురాజు కారు దగ్గరికి వెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని, సీటు కిందికి టార్చి వేసి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత లేచి చేతులు దులుపుకున్నాడు.

"చేస్తానండి. కాని రెండు మాటలు ముందే చెప్పాలి. మీ సీటు పక్కన, లోపల ఎయిర్‌బ్యాగ్ ఉంది. ఆ సీటు తీసేస్తే అదీ పోతుంది."

"తెలుసండి."

"రెండోది, రేసు సీటుతోపాటు నాలుగు పట్టీల బెల్టు అడుగుతారు అందరూ. అది నేను వెయ్యను. రేసు కార్లలో పైకప్పు కింద ఇనప చట్రం ఉంటుంది. మీ కారుకి లేదు. కారు బోర్లా పడి పైకప్పు కిందికి దిగితే, ఆ పట్టీలు మనిషిని పక్కకి ఒరగనివ్వవు. కారుతో వచ్చిన కంపెనీ బెల్టే ఉంచుతాను."

దుర్గాశ్రీ మొహం వాడిపోయింది. "మరి ఛాతీ ముందుకి పడితేనండి?"

సమాధానం రూబీ చెప్పింది. "అది నేను చూస్తానమ్మా. మెత్తటి పట్టీ కుడతాను, అంటుకునే టేపుతో. కంపెనీ బెల్టుకి అడ్డం రాదు. గట్టిగా లాగితే ఊడిపోతుంది."

* * *

వారం తర్వాత మండపేట నుంచి సీట్లు వచ్చాయి. నల్లటి గట్టి పెంకుల్లా ఉన్నాయి, రెండు పక్కలా దడి కట్టినట్టు ఎత్తుగా లేచి. ఏసురాజు ముందు బ్యాటరీ తీగ విప్పి, పావుగంట ఆగి, పాత సీట్ల కింద ఎయిర్‌బ్యాగ్ తీగల పచ్చటి ప్లగ్గులు ఊడదీశాడు. సీటు కింది పట్టాలను లేతు షాపులో దగ్గరుండి చేయించాడు. కారు నేలకు ఒక్క చుక్క వెల్డింగు పెట్టనివ్వలేదు. కంపెనీ వాళ్ళు ఇచ్చిన నాలుగు కన్నాల్లోనే, కొత్త బోల్టులతో బిగించాడు. ఒక్కో బోల్టూ బిగించాక సీటు అంచు పట్టుకుని, కాలు తన్నిపెట్టి, బలం కొద్దీ ఊపి చూశాడు. కారంతా ఊగింది గాని సీటు కదల్లేదు.

అసలు పని ఆ తర్వాత మొదలైంది. ఆ సీటు కండ ఉన్న మగవాళ్ళ కోసం చేసింది. దుర్గాశ్రీ అందులో కూర్చుంటే రెండు పక్కలా అరచేయి పట్టేంత ఖాళీ. రూబీ టేపు పట్టుకుని ఆమె పక్కటెముకల దగ్గర, నడుం దగ్గర, తొడల దగ్గర కొలిచి, తన నోట్‌బుక్కులో రాసుకుంది. ఆ కొలతలకు ఏసురాజు ఫోమ్ ముక్కలు కోశాడు. పెట్టి చూడడం, ఆమెను అడగడం, తీసి కాస్త చెక్కడం, మళ్ళీ పెట్టడం. ఆ రోజంతా అలా పదిసార్లయినా జరిగింది.

"ఇక్కడ గుచ్చుకుంటోందా మేడం?"

"లేదండి. ఎడమ పక్క ఇంకొంచెం. ఆఁ, అంతే. అక్కడే."

మధ్యలో చంద్రరావు ఎడమ సీటులో కూర్చుని చూస్తానని దిగాడు. దిగినవాడు లేవలేకపోయాడు. ఆయన మనిషి భారీ. పంచె ఒక బోల్టుకు చిక్కుకుంది. ఏసురాజు ఒక చెయ్యి, రూబీ ఒక చెయ్యి పట్టుకు లాగుతుంటే, దుర్గాశ్రీ తన సీటులోంచి "ఒకటి, రెండు, మూడు" అంది. అని నవ్వింది. ఆమె నవ్వడం వాళ్ళు చూడడం అదే మొదటిసారి.

సాయంత్రం ఆమె ఒక్కతే కారు తీసుకుని లాలాచెరువు దాకా వెళ్ళి వచ్చింది. షాపు ముందు ఆపాక చాలాసేపు తలుపు తియ్యలేదు. ఏదో కుదరలేదేమోనని ఏసురాజు గబగబా వెళ్ళాడు. ఆమె కళ్ళు తుడుచుకుంటోంది.

"ఏంటమ్మా, నొప్పా?"

"లేదండి. మూడేళ్ళయింది ఇలా నడిపి."

* * *

ఆ తర్వాత మూడు నాలుగు నెలలకోసారి ఆమె వస్తూనే ఉంది. సీటు వదులైందని చెప్పేది. సీటు వదులవలేదని ముగ్గురికీ తెలుసు. రూబీ కొలతలు తీసుకునేది. ఏసురాజు పాత ఫోమ్ తీసి ఇంకాస్త మందంది పెట్టేవాడు. దుర్గాశ్రీ తాపేశ్వరం నుంచి కాజాలు తెచ్చేది. కత్తిరించే బల్లకు ఆనుకుని టీ తాగుతూ, ఆఫీసు కబుర్లూ ఆ వారం రోడ్డు మీద చూసినవీ చెప్పేది. రామచంద్రపురం దాటాక కాలవ పక్కన వచ్చే ఎస్ వంపు అంటే ఆమెకు ప్రాణం. దాన్ని ఏ స్పీడులో తీసుకోవాలో, చూపు ఎక్కడ ఉండాలో, రూబీకి అర్థమయ్యేలా టేపు ముక్కను బల్ల మీద వంచి చూపించేది. కారు నడపడం రాని రూబీ చెంప మీద చెయ్యి పెట్టుకుని శ్రద్ధగా వినేది.

మొదట్లో అమ్మాయిగారు అని పిలిచిన రూబీ, ఎప్పటినుంచో గాని "అమ్మాయ్" అనడం మొదలుపెట్టింది. దుర్గాశ్రీ కూడా "ఆంటీ" అనేది. వాళ్ళమ్మ ఆమె ఇంటర్ చదివేటప్పుడే పోయింది.

ఒకరోజు ఆమె వెళ్ళిపోయాక రూబీ నోట్‌బుక్కు తీసి చూస్తూ చాలాసేపు కూర్చుంది.

"ఏమండి, మూడు నెలల్లో అంగుళమున్నర తగ్గిందండి ఆ పిల్ల. మనం నింపుకుంటూ పోతున్నాం."

ఏసురాజు తీసేసిన ఫోమ్ ముక్క చేతిలో తిప్పుతూ ఉండిపోయాడు. పాత ఫోమ్ మీద ఆమె ఒంటి ఒత్తిడికి అచ్చు పడి ఉంది. అది ఎంత సన్నగా ఉందో ఆయనకు అప్పుడే తెలిసింది.

రెండో ఏడు ఆగస్టులో, వాన వెలిసిన మధ్యాహ్నం, ఆమె ఒక్కతే వచ్చింది. రూబీ అప్పుడే మిషను దగ్గర నుంచి లేచి అన్నం తినడానికి లోపలికి వెళ్ళింది. సర్వీసు రోడ్డు మీంచి కారు షాపు వైపు తిరగడం ఏసురాజు చూశాడు. వేగం ఎక్కువేమీ లేదు. కాని తగ్గాల్సిన చోట తగ్గలేదు. అద్దంలోంచి దుర్గాశ్రీ కనిపించింది. ఆమె ఒక చేత్తో స్టీరింగ్ పట్టుకుని, రెండో చేత్తో తన కుడి తొడను పట్టి ఎత్తుతోంది. కాలును ఒక పెడల్ మీంచి ఇంకో పెడల్ మీదికి చేత్తో మారుస్తోంది.

కారు రూబీ మిషనును గుద్దింది. మిషను బోర్లా పడింది. స్టూలు విరిగి రెండు ముక్కలైంది. కారు ఆగింది.

రూబీ ఎంగిలి చేత్తో పరుగెత్తుకొచ్చింది. విరిగిన స్టూలును చూసింది. ఐదు నిమిషాల క్రితం తను దాని మీదే ఉంది. కారు దగ్గరికి వెళ్ళి తలుపు తీసి, "నీకేం తగల్లేదు కదా అమ్మాయ్?" అంది.

దుర్గాశ్రీ పెదాలు పాలిపోయి ఉన్నాయి. "చెప్పు జారిందాంటీ. వాన కదా, తడిగా ఉంది. నేను కొత్త మిషను పంపిస్తాను."

ఏసురాజు వంగి, ఇంజన్ ఆపి, కారు తాళం రిమోట్ తీసుకుని జేబులో వేసుకున్నాడు.

"చెప్పు జారలేదమ్మా. నేను చూశాను."

ఆమె కుడి తొడ మీంచి చెయ్యి తీసేసింది.

"ఎన్నాళ్ళ నుంచి ఇలా?"

"ఎప్పుడైనా ఒకసారి. అలిసిపోయినప్పుడు. ఏసురాజు గారూ, కుడి తొడ కింద ఫోమ్ ఎత్తు పెంచితే కాలు తేలికగా జరుగుతుంది. అందుకే వచ్చాను. అది చేసిపెట్టండి చాలు."

"డాక్టరు గారు ఏమన్నారు?"

"ఈసారి వెళ్ళలేదు."

ఏసురాజు ఆమె పక్కన నేల మీద గొంతుకూర్చున్నాడు. 

"నేను ఇంక ఈ సీటు ముట్టుకోనమ్మా."

"అంటే?"

"తప్పు నాది. నీ ఒళ్ళు చాలట్లేదని ఈ సీటు నీకు తెలియనివ్వలేదు. నువ్వు ఒరిగిపోయినప్పుడల్లా నేను ఫోమ్ పెట్టుకుంటూ పోయాను. నడుముకి పెట్టగలిగాను. కాలుకి ఏం పెట్టను? ఇవాళ రూబీ అక్కడ లేదు గనక సరిపోయింది. రేపు కాలవ గట్టు మీద స్కూలు పిల్లలుంటే?"

"మీరు డాక్టరా?" ఆమె గొంతు పెద్దదైంది. "మీరు సీట్లు చేసేవాళ్ళు. అడిగింది చెయ్యండి. ఆ రిమోట్ ఇవ్వండి."

"ఇవ్వనమ్మా."

"ఈ కారొక్కటే ఉంది నాకు! ఇంట్లో మంచం దిగాలంటే ఒకళ్ళు, బాత్రూముకి ఒకళ్ళు. ఈ కారులో కూర్చున్నాకనే నేను ఒక్కదాన్ని ఉంటాను. అది కూడా తీసుకుంటారా?"

ఏసురాజు తలొంచుకుని కూర్చున్నాడు. రిమోట్ మాత్రం ఇవ్వలేదు. రూబీ చెయ్యి కడుక్కుని వచ్చి చంద్రరావుకు ఫోన్ చేసింది.

ఆయన గంటకు బాడుగ కారులో వచ్చాడు. ఆ గంటసేపూ దుర్గాశ్రీ తన సీటులోనే ఉంది, ఎదురుగా చూస్తూ. రూబీ ఇచ్చిన మంచినీళ్ళు తాగలేదు. చంద్రరావు విరిగిన స్టూలును, పడిన మిషనును చూసి, ఏసురాజును పక్కకు పిలిచాడు.

"నాకు తెలుసండి" అన్నాడు మెల్లగా. "నెల నుంచి తెలుసు. పక్కన కూర్చున్నప్పుడు చూశాను. చెప్పడానికి నోరు రాలేదు."

"మీరు తండ్రి కదండి."

"అందుకేనండి రానిది. మా ఆవిడ మా అక్క కూతురే. ఇంట్లో పిల్లే కదా అని చేసుకున్నాను. ఈ జబ్బు అలాంటి పెళ్ళిళ్ళలో ఎక్కువ వస్తుందని హైదరాబాదులో డాక్టరు చెప్పేడు, అమ్మాయి పక్కనుండగానే. అది నా వైపు కూడా చూడలేదు. ఆనాటి నుంచి ఇవాళ్టి దాకా ఒక్క మాట అనలేదండి నన్ను. అలాంటిదానికి కారు మానెయ్యమని నేను ఏ నోరు పెట్టుకుని చెప్పను?"

ఆ సాయంత్రం దుర్గాశ్రీని బాడుగ కారు వెనక సీటులో పడుకోబెట్టి తీసుకెళ్ళారు. వెళ్ళేముందు ఆమె ఏసురాజు వైపు చూడలేదు. స్పోర్ట్స్ కారును మర్నాడు ఎవరో డ్రైవరు వచ్చి తీసుకెళ్ళాడు.

* * *

ఐదు నెలలు కబురు లేదు. రూబీ రెండుసార్లు ఫోన్ చేసింది. దుర్గాశ్రీ ఎత్తలేదు. చర్చిలో ప్రార్థన విన్నపాలు చెప్పమన్నప్పుడల్లా రూబీ లేచి, "మండపేటలో ఒక అమ్మాయి ఉందండి" అనేది. అంతకంటే చెప్పేది కాదు. ఏసురాజు పని చేస్తూనే ఉన్నాడు గాని, తను చేసింది సరేనా అని ఎవరినైనా అడగాలని ఉండేది. ఎవరిని అడగాలో తెలియలేదు.

జనవరి చివర్లో ఒక ఉదయం ఆ బూడిద రంగు కారు వచ్చింది. చాలా మెల్లగా, అంచెలంచెలుగా వచ్చి షాపుకు బారెడు దూరంలోనే ఆగిపోయింది. స్టీరింగ్ దగ్గర చంద్రరావు ఉన్నాడు. పంచె బదులు ప్యాంటు వేసుకున్నాడు. మొహమంతా చెమట. ఆ చలికాలపు ఉదయం కూడా.

"మీరు నడుపుతున్నారా అండి!" అంది రూబీ.

"ఆయ్. ట్రాక్టరు తప్ప ఏదీ ముట్టుకోలేదండి జన్మలో. మూడు నెలలు నేర్చుకున్నాను, లైసెన్సు కూడా వచ్చింది. ఈ కారుకి అలవాటు పడ్డానికి ఇంకో నెల."

పక్క సీటులో దుర్గాశ్రీ ఉంది, చుట్టూ దిళ్ళు పెట్టుకుని. ఇంకా సన్నబడింది. మెడకు ఒక పట్టీ వేసుకుంది. ఏసురాజు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. 

"నా సీటు ఇటువైపు పెట్టండి" అంది ఆమె. "ఈ సీటులో నేను దొర్లుతున్నాను. ఆ సీటులో నాన్న ఇరుక్కుపోతున్నాడు. దిగాలంటే ఇద్దరు పట్టాలి."

"అలాగేనమ్మా."

"ఆంటీ మిషను ఎలా ఉంది?"

"బాగుంది. అదే మిషను. బాగుచేయించాం."

"ఆరోజు మీరు రిమోట్ ఇవ్వకపోవడం మంచిదైంది" అంది దుర్గాశ్రీ. "ఇంకా కోపంగానే ఉంది. కాని మంచిదైంది."

ఆ రోజంతా పని చేశాడు ఏసురాజు. సీట్లు అటుది ఇటు, ఇటుది అటు మార్చాడు. రూబీ మళ్ళీ కొలతలు తీసుకుంది. ఈసారి ఎంత తగ్గిందో భర్తకు చెప్పలేదు. నోట్‌బుక్కు ఆయన ముందు పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. తల ఆనించే దగ్గర రెండు పక్కలా మెత్తలు కొత్తగా చేశాడు. చంద్రరావు కోసం కుడి సీటు దడి లోపలి ఫోమ్ అంతా తీసేశాడు.

ఆ వేసవిలో తండ్రీకూతుళ్ళు రోజూ ఉదయం తిరిగేవారు. కడియం నర్సరీల మీదుగా ధవళేశ్వరం దాకా వచ్చి, బ్యారేజీ మీంచి ఒక్కోసారి విజ్జేశ్వరం వైపు వెళ్ళేవారు. తిరుగు ప్రయాణంలో షాపు దగ్గర ఆగేవారు. దుర్గాశ్రీ కారులోనే ఉండేది. రూబీ టీ గ్లాసులో స్ట్రా వేసి తీసుకెళ్ళి, తలుపు దగ్గర స్టూలు వేసుకుని కూర్చునేది. దుర్గాశ్రీ ఫిర్యాదులన్నీ తండ్రి మీదే.

"వంపులో బ్రేకు వేస్తాడాంటీ. ఎన్నిసార్లు చెప్పాలి? ముందే వేసి, తిప్పేటప్పుడు వదిలెయ్యాలి. ట్రాక్టరు అనుకుంటాడు."

"వేస్తున్నానే అమ్మలూ, ముందే."

"ముందే అంటే ఇంకా ముందు నాన్నా."

ఆ రోజుల్లో ఆమె బాగానే ఉందని రూబీ నమ్మింది. మేలో మరో చిక్కు వచ్చింది. ఆమెను ఎత్తి సీటులో కూర్చోబెట్టాలంటే ఎత్తుగా ఉన్న దడి అడ్డం వస్తోంది. ఒంటికి ఒరుసుకుని గాయమవుతోంది. దడి తీసేస్తే ఆమె నిలబడదు. ఏసురాజు రెండు రోజులు ఆలోచించి, తలుపు వైపు దడిని కోసి, కింద మడతబందులు పెట్టి, తలుపులా తెరుచుకునేట్టు చేశాడు. ఆమెను కూర్చోబెట్టాక మూసి గొళ్ళెం పెట్టాలి. ఇన్నేళ్ళలో ఆయన చేసిన పనుల్లో అదే గొప్ప పని. కాని ఎవరికైనా చూపించాలని అనిపించలేదు.

దుర్గాశ్రీ దాన్ని రెండు మూడుసార్లు తెరిపించి మూయించి చూసింది. "ఇది ఏ రేసు కారులోనూ ఉండదండి" అంది.

* * *

జూలై రెండో వారంలో ఆమెకు జలుబు చేసింది. మామూలు జలుబే. కాని దగ్గి కఫం బయటికి తెచ్చే బలం ఆమె ఛాతీకి లేదు. మూడో రోజుకు కాకినాడ ఆసుపత్రిలో చేర్చారు. ఊపిరాడడానికి గొంతులో గొట్టం వేశారు. పదకొండు రోజులు ఉంది. రూబీ వెళ్ళి రెండుసార్లు చూసి వచ్చింది. రెండోసారి దుర్గాశ్రీ మాట్లాడలేకపోయినా, పక్క మీద వేలితో మెల్లగా ఏదో గీసి చూపించింది. రూబీకి అర్థం కాలేదు. బస్సులో తిరిగి వస్తుంటే, రామచంద్రపురం దగ్గర కాలవ పక్కన బస్సు ఎడమకూ కుడికీ వంపు తిరిగినప్పుడు అర్థమైంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని రాజమండ్రి దాకా ఏడ్చింది.

పన్నెండో రోజు ఉదయం చంద్రరావు ఫోన్ చేశాడు. "మన అమ్మాయి లేదండి" అన్నాడు. 

మండపేట వెళ్ళారు ఇద్దరూ. జనం చాలా మంది ఉన్నారు. బంధువులు, కంపెనీవాళ్ళు. మంచు పెట్టెలో ఆమె ఎంత చిన్నదిగా ఉందంటే, ఏసురాజు చూడలేక బయటికి వచ్చేశాడు. వాకిట్లో ఒక పక్కగా కారు ఉంది. ఎవరో దాని మీద చెప్పులు పెట్టారు. ఆ చెప్పుల్ని తీసి కింద పెట్టి, సాయంత్రం దాకా ఆయన ఆ కారు పక్కనే నిలబడ్డాడు.

సెప్టెంబరులో చంద్రరావు వచ్చాడు. ఈసారి కారు సూటిగా వచ్చి, ఆగాల్సిన చోట ఆగింది. దిగి, బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"ఎడమ పక్క సీటు తీసెయ్యాలండి."

"ఏమైందండి?"

"మొన్న మాకు దూరపు వరసకి బావమరిది అయ్యే ఒకాయన రామచంద్రపురం దాకా వస్తానన్నాడు. తలుపు తీసి కూర్చోబోయి, ఏంటి బావా ఇంత ఇరుకు, ఇందులో ఎవరు పడతారు అన్నాడు. లోపల ఫోమ్ ముక్కలు పీకి వెనక పడేశాడు. ఆయనకేం తెలుసు పాపం. దిగమని అనలేకపోయాను. రామచంద్రపురం దాకా ఎలా నడిపానో నాకే తెలీదు. అందుకని తీసెయ్యండి. దాని బదులు ఏదీ పెట్టకండి."

ఏసురాజు బోల్టులు విప్పాడు. వెనక పడిన ఫోమ్ ముక్కలను రూబీ ఏరి, ఏది ఎక్కడిదో చూసుకుంటూ తిరిగి సీటులో అమర్చింది. అంతా అయ్యేదాకా చంద్రరావు రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు. తర్వాత టీ తాగుతూ తనంతట తనే చెప్పాడు.

"జలుబు చేసే ముందు రోజు ధవళేశ్వరం వెళ్ళామండి. కొత్త నీరు ఎర్రగా వస్తోంది. అద్దం దించమంది, దించాను. చాలాసేపు చూసింది. తిరిగి వచ్చేటప్పుడు కాలవ దగ్గర ఒక వంపు తిప్పేను. ఏం తప్పు చెబుతుందోనని చూస్తున్నాను. ఏం చెప్పలేదు. కాసేపయ్యాక, 'నాన్నా, నీకు వచ్చేసింది' అంది. ఎప్పుడూ అంత మాట అనలేదండి. ఎప్పుడూ తప్పులే చెప్పేది."

గ్లాసు బల్ల మీద పెట్టి మొహం తుడుచుకున్నాడు.

"సీటు కారు వెనక పెట్టమంటారా?" అడిగాడు ఏసురాజు.

"వద్దండి. ఇంట్లో ఉంటే రోజూ చూడాలి. పారెయ్యలేను. మీ దగ్గర ఉంచుకోండి, మీకు అడ్డం కాకపోతే."

"అడ్డమేంటండి" అంది రూబీ.

ఎడమ పక్క ఉత్త నేల మిగిలిన కారును ఆయన మెల్లగా సర్వీసు రోడ్డు మీదికి తీశాడు. హైవే ఎక్కేదాకా వాళ్ళిద్దరూ నిలబడి చూశారు.

సీటును షాపులో గోడవారగా, రూబీ మిషనుకు ఎదురుగా పెట్టారు. నాలుగు రోజుల తర్వాత ఒక లారీ డ్రైవరు నడుం మెత్త కోసం వచ్చాడు. రాత్రంతా బండి నడిపి అలిసిపోయి ఉన్నాడేమో, ఖాళీగా కనిపించిన ఆ సీటులో కూర్చోబోయాడు.

"కూర్చోకండి!" అని ఏసురాజు అరిచాడు. ఆయన అంత గట్టిగా అరవడం రూబీ ఎప్పుడూ వినలేదు. డ్రైవరు బిత్తరపోయి నిలబడ్డాడు. ఏసురాజు సిగ్గుపడి, లోపలి నుంచి కుర్చీ తెచ్చి వేసి, మంచినీళ్ళిచ్చాడు.

"ఎవరిదండి అది?" అడిగాడు డ్రైవరు.

ఏసురాజు ఎలా చెప్పాలా అని చూస్తుండగానే, "మా అమ్మాయిదండి" అంది రూబీ, మిషను ఆపకుండానే.